రక్తం ఆపే గాజ్ కొన్నారు సరే, ఎలా కూరాలి, ఎంతసేపు నొక్కాలి?

కొండ మీదికి ట్యాక్సీ తోలే అన్న ఒకరు, పాకాల వైపు చెరకు తోట ఉన్న పెద్దాయన ఒకరు, మా వీధిలో వెల్డింగ్ షాపు అబ్బాయి ఒకరు. ముగ్గురూ నన్ను ఒకటే అడిగారు: "సిస్టర్, ఆ రక్తం ఆపే గాజ్ తెప్పించి పెట్టుకున్నాం, ప్యాకెట్ మీద అంతా ఇంగ్లిషులో ఉంది, ఎట్లా వాడాల?" వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఒకేసారి అంతా రాసేస్తున్నాను. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అవసరం వచ్చినప్పుడు తెరిచి చదువుతూ చేయడం కుదరదు కాబట్టి ఇప్పుడే ఒకటికి రెండుసార్లు చదవండి.

నేను తిరుపతిలో ఒక ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుని. చేరిన కొత్తలో ఈ గాజ్‌తో నేనే తప్పు చేశాను. చెరకు కొట్టే కత్తి జారి తొడ లోపలి వైపు, పైకి, గజ్జకి దగ్గరగా తెగిన మనిషిని తెచ్చారు. నేను ప్యాకెట్ చింపి, మడతలు కూడా విప్పకుండా, గాయం మీద అట్టముక్క పెట్టినట్టు పెట్టి పైన అరచేయి ఆనించాను. రెండు నిమిషాలు కాకముందే గాజ్ ఎర్రగా తడిసి, దాని కింది నుంచి, పక్క నుంచి కారి మంచం మీద మడుగు కడుతోంది. మా సీనియర్ సిస్టర్ నన్ను ఒక్క మాట అనకుండా పక్కకి జరిపి, ఆ గాజ్ తీసి పారేసి, రెండు వేళ్లు నేరుగా గాయంలోకి దింపింది. వేళ్లు దిగగానే కారడం సన్నబడింది. అప్పుడు, తల కూడా తిప్పకుండా, "ఇంకోటి చింపు" అంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇదే. గాజ్‌లో మందు ఉండొచ్చు గానీ, అది రక్తం ఎక్కడి నుంచి వస్తోందో సరిగ్గా ఆ చోటికి చేరాలి, చేరాక చేత్తో గట్టిగా అదిమి పెట్టాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ఎంత ఖరీదైన ప్యాకెట్ అయినా మామూలు గుడ్డపీలికే.

ఇది ఏం చేస్తుంది (ఒక్క ముక్కలో)

మార్కెట్లో ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి కేయోలిన్ అనే తెల్ల బంకమన్ను పట్టించిన గాజ్. క్విక్‌క్లాట్, కంబాట్ గాజ్ ఈ రకం. ఇది మన రక్తంలో గడ్డకట్టే పనిని తొందర పెడుతుంది. రెండోది కైటోసాన్ రకం, రొయ్య పెంకుల్లాంటి వాటి నుంచి తీస్తారు. సెలాక్స్, మన దేశంలోనే తయారయ్యే ఆక్సియోస్టాట్ ఈ రకం. ఇది రక్తకణాలను తనకి అంటించుకుని జిగురులా పట్టేస్తుంది. అందుకే రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి కూడా ఇది పని చేస్తుందని చెప్తారు. కేయోలిన్ రకం మాత్రం శరీరం సొంతంగా గడ్డకట్టే శక్తి మీద ఆధారపడుతుంది కాబట్టి అలాంటివాళ్లకి ఇంకాసేపు నొక్కాల్సి రావచ్చు.

పొడి రూపంలో, గింజల రూపంలో వచ్చేవి ఉన్నాయి. ఇంట్లో వాళ్లకి అవి వద్దంటాను. పాత తరం గింజల మందు తడి తగిలితే బాగా వేడెక్కి చర్మం కాలిన సందర్భాలున్నాయి. ఇప్పటివి అలా కాకపోయినా, జోరుగా వచ్చే రక్తం పొడిని కొట్టుకుపోతుంది, ఘాట్ రోడ్డు గాలికి కంట్లో పడుతుంది. పొడవాటి గాజ్ పట్టీయే కొనండి. కంబాట్ గాజ్ లాంటివి 3 అంగుళాల వెడల్పు, దాదాపు మూడున్నర మీటర్ల పొడవు ఉండి, లాగేకొద్దీ వచ్చేలా మడత మీద మడత వేసి ఉంటాయి.

దగ్గర ఏముండాలి

- రక్తం ఆపే గాజ్, కనీసం రెండు ప్యాకెట్లు. ఒక్కటి ఉంటే ఒక్కోసారి చాలదు.
- మామూలు గాజ్ రోల్స్ నాలుగైదు. మందుల షాపులో చవకగా దొరుకుతాయి.
- క్రేప్ బ్యాండేజ్, 4 లేదా 6 అంగుళాలది, రెండు.
- గ్లవ్స్ రెండు మూడు జతలు. లేకపోతే చేతికి శుభ్రమైన క్యారీ బ్యాగ్ తొడుక్కోండి, నామోషీ ఏం లేదు.
- మొండి మొన కత్తెర. జీన్స్ ప్యాంటు కోయగలిగేది కావాలి, గోళ్ల కత్తెర పనికిరాదు.
- టోర్నికెట్ (చేయికో కాలికో చుట్టి బిగించి రక్తం ఆపే పట్టీ) ఒకటి, పుల్ల తిప్పి బిగించే రకం. వీలుంటేనే, కానీ వీలు చేసుకోండి.
- మార్కర్ పెన్. ఎందుకో కింద చెప్తాను.
- పల్చటి దుప్పటి.

దూది మాత్రం కిట్‌లో పెట్టొద్దు. పోగులు గాయానికి అతుక్కుంటాయి, తడవగానే నీరుకారిపోయి ఒత్తిడి నిలవదు.

బండి డిక్కీలో పెట్టేవాళ్లకి ఒక మాట. మన తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో మూసిన డిక్కీ పొయ్యే. ప్యాకెట్ మీద ఎంత వేడి వరకు ఉంచొచ్చో రాసి ఉంటుంది, చూసి, వేసవిలో సీటు కిందికో ఇంట్లోకో మార్చండి. ప్యాకెట్ అతుకు ఊడినా, లోపలికి గాలి దూరి ఉబ్బినా అది ఇక ప్రాక్టీసుకే. ఎక్స్‌పైరీ తేదీ ఎప్పుడు చూడాలా అని బెంగ పడక్కర్లేదు. ఆయుధపూజ నాడు బండికి ఎటూ నిమ్మకాయలు, గుమ్మడికాయ అంటూ హడావిడి ఉంటుంది కదా, అదే రోజు కిట్ కూడా తెరిచి చూసుకోండి.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

చిన్న చిన్న కోతలకి ఇది అక్కర్లేదు. కూర తరిగేటప్పుడు వేలు తెగితే శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు నొక్కితే చాలు.

ఇవి కనిపిస్తే మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టే: రక్తం చిమ్ముతోంది, లేదా ఆగకుండా ధారగా వస్తోంది. కింద మడుగు కడుతోంది. బట్టలు, కట్టిన కట్టు తడిసి ముద్దవుతున్నాయి. చేయో కాలో పూర్తిగానో కొంతో తెగిపోయింది. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, ఒళ్లు పాలిపోయి చెమటలు పడుతున్నాయి. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. అందులో సగానికి దగ్గరగా పోతే మనిషి దక్కడం కష్టం. పెద్ద ధమని తెగితే అది నిమిషాల్లో జరిగే పని, 108 వచ్చేలోపే.

చేతులు, కాళ్ల మీద చిమ్ముతుంటే ముందు టోర్నికెట్, అది లేకపోతే గాజ్.

గజ్జ, చంక, భుజం మొదలు, మెడ అడుగు భాగం: ఇక్కడ టోర్నికెట్ కట్టడానికి చోటు ఉండదు. ఈ గాజ్ అసలు పుట్టిందే ఇలాంటి చోట్ల కోసం. కనుమ రోజుల్లో మన చుట్టుపక్కల ఊళ్లలో, చంద్రగిరి దగ్గర రంగంపేట లాంటి చోట్ల పశువుల పండుగకి ఎడ్లు దూసుకొచ్చేటప్పుడు కొమ్ము పోటు పడేది ఎక్కువగా తొడ పైభాగంలో, గజ్జల్లోనే. బయటికి రూపాయి బిళ్ళంత రంధ్రం కనిపిస్తుంది, లోపల జానెడు లోతు ఉంటుంది. చిన్న గాయమే కదా అని పైన పసుపు అద్ది ఊరుకుంటారు, ప్యాంటు మాత్రం తడుస్తూనే ఉంటుంది.

ఛాతీ, పొట్ట, తల పుర్రె, కన్ను: వీటి లోపలికి ఏదీ కూరకండి. ఛాతీ, పొట్టలో రక్తం కారేది ఎంతో లోపల, మన వేలు అందదు. కూరితే మేలు లేకపోగా హాని. పేగు బయటికి వస్తే లోపలికి తోయకుండా తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే బయల్దేరండి.

పాము కాటు: ఇది వేరే సంగతి, కానీ మన జిల్లాలో చెప్పకపోతే తప్పవుతుంది. రక్తపింజరి కరిచిన చోట రక్తం కారుతుంటే ఈ గాజ్ కూరడం, పైన తాడు బిగించడం, కోయడం ఏదీ చేయొద్దు. కాలు కదలనివ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ కావాల్సింది విషానికి విరుగుడు ఇంజెక్షన్.

ఇక పని

1. మీరు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోండి. ఘాట్ రోడ్డు మలుపులో వంగి కూర్చుని గాయం చూస్తుంటే వెనక వచ్చే బస్సుకి మీరు కనపడరు. బండిని అడ్డంగా నిలిపి, ఇండికేటర్లు వేసి, ఒకరిని పైమలుపు దగ్గరికి పంపండి. కత్తి, మిషన్, ఎద్దు, కరెంటు తీగ ఏదైతే గాయం చేసిందో అది ఇంకా అక్కడే ఉందేమో చూడండి.

2. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టండి. మనుషులు గుమిగూడి ఉంటే "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఒకరి మొహం చూసి "అన్నా, నీలం చొక్కా అన్నా, నువ్వు చెయ్" అనండి. కేసుల్లో ఇరుక్కుంటామేమో అన్న భయం ఇంకా చాలామందికి ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు, అడ్రసు చెప్పమని బలవంతపెట్టకూడదు కూడా.

3. బట్ట కోయండి, గాయం కళ్ల పడాలి. మొహమాటం వద్దు. ప్యాంటు మీద నుంచి నొక్కితే ఎక్కడ నొక్కుతున్నారో మీకే తెలీదు. నల్ల ప్యాంటు మీద, చీకట్లో రక్తం కనిపించదు, చేత్తో తడిమి చూడండి, వెచ్చగా జిగటగా తగులుతుంది. ఒక గాయం దొరికింది కదా అని ఆగకుండా వెనకవైపు కూడా చూడండి.

4. చేయి, కాలు అయితే టోర్నికెట్. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, అంటే గుండెకి దగ్గరగా ఉండే వైపు, మోకాలు, మోచేయి మీద కాకుండా కట్టి, రక్తం ఆగేదాకా పుల్ల తిప్పండి. బాగా నొప్పి పెడుతుంది, అరుస్తారు, వదులు చేయమని కాళ్లావేళ్లా పడతారు, చేయకండి. కట్టిన టైము నుదుటి మీదో కట్టు మీదో మార్కర్‌తో రాయండి. ఆగకపోతే దాని పైన ఇంకోటి. తయారుగా లేకపోతే కండువానో పంచెనో రెండంగుళాల వెడల్పు పట్టీలా మడిచి కట్టి, ముడిలో గట్టి పుల్ల పెట్టి తిప్పొచ్చు, కానీ ఇది చాలాసార్లు సరిగ్గా బిగియదు, ఆ సంగతి గుర్తుంచుకోండి. నులక తాడు, కరెంటు వైరు, ఫోన్ చార్జర్ వైరు, చెప్పు లేసు వద్దే వద్దు, కండని కోసేస్తాయి గానీ రక్తాన్ని ఆపవు. టోర్నికెట్‌తో ఆగిపోతే ఇక గాజ్ కూరాల్సిన పనిలేదు, గాయం మీద కప్పి కట్టేయండి చాలు.

5. మడుగుని తుడిచి మూలం వెతకండి. గాయంలో నిలిచిన రక్తాన్ని మామూలు గాజ్‌తో ఒక్కసారి అద్ది తీయండి. తీసిన మరుక్షణం ఏ మూల నుంచి మళ్లీ ఊరుతోందో చూడండి. అదే చోటు. గ్లవ్స్ వేసుకున్న వేలు అక్కడ పెట్టి లోపలున్న ఎముక వైపు అదమండి. గాయంలో విరిగిన ఎముక మొనలు, గాజు పెంకులు ఉండొచ్చు, మీ వేలు జాగ్రత్త. గాయంలో ఇనప చువ్వో, కొమ్ము ముక్కో గుచ్చుకుని ఉంటే పీకకండి. దాని చుట్టూ కూరండి.

6. కూరడం. ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే సగం గెలిచినట్టే. ప్యాకెట్ చింపి (తడి చేత్తో చిరగకపోతే పళ్లతో చింపండి, ఏం కాదు) గాజ్ కొసను నొక్కి పెట్టిన వేలు పక్క నుంచి లోపలికి, ఆ ఊరే చోటు మీదికే పంపండి. ఒక చేతి వేలు అదిమే ఉండాలి, రెండో చేతి వేలితో తర్వాతి మడత లోపలికి తోయాలి. అది చేరాక ఆ వేలు అదుముతుంది, మొదటి వేలు బయటికి వచ్చి తర్వాతి మడత తెస్తుంది. ఇలా వేళ్లు మారుతూ ఉండాలి, ఒక్క క్షణం కూడా రెండు వేళ్లూ బయట ఉండకూడదు. దిండు గలీబులో దూది కూరేటప్పుడు మూలల్లోకి వేళ్లతో పొడుస్తూ కూరతాం చూడండి, అచ్చం అలాగే. వదులుగా కుప్ప పోస్తే లోపల గాలి గదులు మిగిలి అందులో రక్తం నిండుతుంది.

గాయం పూర్తిగా నిండి, చర్మం కంటే ఒక అంగుళం పైకి గాజ్ గుట్టలా రావాలి. రక్తం ఆపే గాజ్ మధ్యలో అయిపోతే దాని మీద మామూలు గాజ్, అదీ లేకపోతే ఉతికిన తువాలు కూరండి. అడుగున మాత్రం ఖరీదైనదే ఉండాలి, రక్తం ముట్టుకునేది అదే కాబట్టి. తిరగేసి, మామూలుది లోపల కూరి "మంచిది పైన వేద్దాం" అనుకునేవాళ్లని చూశాను.

మనిషి విలవిల్లాడతాడు. ముందే చెప్పండి: "నాయనా, నొప్పి పుడుతుంది, తప్పదు, నేను ఆపను." పట్టుకోడానికి ఒకరిని తల దగ్గర కూర్చోబెట్టండి.

7. నొక్కడం. రెండు చేతులు ఒకదాని మీద ఒకటి, మోచేతులు వంచకుండా, భుజాలు గాయానికి సరిగ్గా పైన ఉండేలా మోకాళ్ల మీద కూర్చుని, ఒంటి బరువు వేయండి. పరుపు మీద, మెత్తటి సీటు మీద నొక్కితే బలమంతా కిందికి పోతుంది, నేల మీద పడుకోబెట్టండి. చాలా రకాలకి కనీసం 3 నిమిషాలు, మీ ప్యాకెట్ మీద ఎక్కువ రాసి ఉంటే అంతసేపు. మామూలు గాజో గుడ్డో అయితే కనీసం 10 నిమిషాలు. గడియారం చూసి, మనసులో లెక్క కాదు. టెన్షన్‌లో అర నిమిషమే మూడు నిమిషాల్లా ఉంటుంది, ఇది నేను పందెం కట్టి చెప్పగలను.

ఈలోపు ఎత్తి చూడకండి. దీని గురించి కింద ఇంకా తిడతాను.

8. కట్టు. పైన చెప్పిన టైము అయ్యాక చేతిని నెమ్మదిగా తేలిక చేసి అంచులు చూడండి. ఊరడం లేకపోతే గుట్టని కదిలించకుండా పైన క్రేప్ బ్యాండేజ్ బిగించి చుట్టండి. గజ్జలో అయితే తొడ చుట్టూ, నడుము చుట్టూ అడ్డతిరుగుడుగా. మెడ చుట్టూ ఎప్పుడూ చుట్టకండి, ఊపిరి ఆగుతుంది. మెడ గాయం అయితే ఆస్పత్రి దాకా చేత్తోనే పట్టుకుని వెళ్లాలి, లేదా బ్యాండేజ్‌ని అవతలి చంక కింద నుంచి తిప్పాలి. కట్టాక కూడా 108లో దారి పొడవునా చేయి అక్కడ ఉంటే ఇంకా మంచిది. గతుకుల రోడ్డుకి కట్టు వదులవుతుంది.

9. దుప్పటి కప్పండి. వెల్లకిలా పడుకోబెట్టండి. ఎండాకాలంలో దుప్పటి ఏంటి అంటారు అందరూ. రక్తం పోయిన ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. కారులో ఏసీ ఆపేయండి. తాగడానికి నీళ్లు, సోడా, కాఫీ ఏమీ ఇవ్వొద్దు, దాహం దాహం అన్నా సరే పెదాలు తడిపి వదిలేయండి. ఆపరేషన్ పడొచ్చు.

10. అప్పగించేటప్పుడు నాలుగు మాటలు. గాయం ఎన్నింటికి అయింది, ఏ గాజ్ ఎన్ని ప్యాకెట్లు లోపల ఉన్నాయి, టోర్నికెట్ ఎన్నింటికి కట్టారు, ఏ మాత్రలు వాడతాడు. గుండెకి స్టెంట్ వేసుకున్నవాళ్లు, వాల్వు మార్చుకున్నవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు. ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా జేబులో పెట్టుకుని డాక్టర్ చేతికి ఇవ్వండి. లోపల ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఒకటి లోపలే మిగిలిపోతుంది. లోపలి గాజ్‌ని ఇంట్లో, దారిలో ఎవరూ లాగకూడదు, సెలైన్‌తో తడిపి తీసే పని ఆస్పత్రిది.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

మార్కర్ అందుకోసమే. కట్టు మీద తడిసిన మరక అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేయండి. ఐదు నిమిషాల తర్వాత చూడండి. మరక గీత లోపలే ఉంటే ఆగినట్టు. గీత దాటితే ఇంకా కారుతోంది. మామూలు కంటికి "కొంచెం తడిసింది, పాతదేమో" అనిపిస్తుంది, గీత అబద్ధం చెప్పదు.

దాటితే ఏం చేయాలి? పీకకండి. పైన ఇంకా గాజ్ పెట్టి, ఇంకో 5 నిమిషాలు ఇంతకు ముందు కంటే గట్టిగా. నూటికి ఎక్కువసార్లు కారణం నొక్కిన బలం చాలకపోవడమే. చేయో కాలో అయి ఉంటే టోర్నికెట్ వైపు వెళ్లండి. మా సీనియర్ నా గాజ్ తీసి మళ్లీ కూరింది కదా అంటారేమో, అది లోపలికి పోనే లేదు, పైన పరిచి ఉంది. లోపలికి కూరిన దాన్ని తీసి మళ్లీ కూరడం నేర్చినవాళ్ల చేతి పని.

బయట ఆగినా మనిషిని చూస్తూ ఉండండి. మాట్లాడిస్తూ ఉండండి, ఊరు ఏది, పిల్లలెంతమంది అని. ఒళ్లు చల్లగా, చెమటగా, నాడి వేగంగా, మనిషి ఊరికే అటూ ఇటూ కదులుతూ, మాట తడబడుతుంటే లోపలెక్కడో ఇంకా పోతోందని. అప్పుడు దారిలో ఇంకే ప్రయోగాలూ చేయకుండా పెద్దాస్పత్రికే పోనివ్వమనండి. కట్టిన కాలు పాదం పాలిపోయి, చల్లబడి, స్పర్శ లేకపోతే (టోర్నికెట్ కట్టనప్పుడు) క్రేప్ మరీ బిగిసిందేమో, కొంచెం సర్దండి.

ఎక్కువగా చేసే తప్పులు

ఎత్తి చూడటం. మొదటిదీ ఇదే, చివరిదీ ఇదే. ఒకసారి కొమ్ము పోటుతో వచ్చిన కుర్రాడి వెంట అతని మేనమామ వచ్చాడు. పాపం చేతులు మోచేతుల దాకా రక్తం. "ఆగిందా లేదా అని రెండు నిమిషాలకోసారి తువాలు తీసి చూస్తానే ఉండాను సిస్టర్, ఆగలే" అన్నాడు. ఆయన దారి పొడవునా నొక్కాడు, బలంగానే నొక్కాడు. కానీ తీసిన ప్రతిసారీ అప్పుడప్పుడే కట్టిన గడ్డ తువాలుతో పాటు ఊడి వచ్చేది. ఆయనకి ఆ మాట నేను చెప్పలేదు, కుర్రాడు బతికాడు, ఇంక ఎందుకు.

పసుపు, కాఫీ పొడి, బూడిద, సున్నం, టూత్‌పేస్ట్. గీసుకుపోయిన చోట గడ్డిచామంతి ఆకు నలిపి పెట్టడం మా అమ్మమ్మ కూడా చేసేది, నేనేం అనను. కానీ లోతు గాయంలో ఇవి వేస్తే రక్తం ఆగదు, డాక్టర్ గంటసేపు కడగాలి, చీము గ్యారంటీ. గాజ్ కూడా గాయానికి సరిగ్గా అంటదు.

కడగడం. రక్తం చిమ్ముతున్న గాయం మీద బాటిల్ నీళ్లు పోయడం, డెట్టాల్ పోయడం. ముందు రక్తం ఆగాలి. శుభ్రం చేసేది ఆస్పత్రిలో.

వేలు పెట్టడానికి భయం. ఇది తప్పు అనను, సహజం. గాయంలోకి వేలు పెట్టడమంటే మొదటిసారి నాకూ కడుపులో తిప్పింది. కానీ పైపైన అద్దుతూ కూర్చుంటే మనిషి మన కళ్ల ముందే పోతాడు.

దగ్గర్లో కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం. పుత్తూరు కట్టు పేరు దేశమంతా తెలుసు, కానీ అది విరిగిన ఎముకకి. రక్తం చిమ్ముతున్న మనిషిని ఆపరేషన్ థియేటర్, రక్తం ఎక్కించే వసతి ఉన్న చోటికే తేవాలి. తిరుపతి చుట్టుపక్కల అయితే రుయా, స్విమ్స్ లాంటివి ఉన్నాయి, కొండ మీద అశ్విని ఆస్పత్రి ఉంది. ఎక్కడికన్నది 108 వాళ్లకి వదిలేస్తే వాళ్లే చూసుకుంటారు.

ఒక ఆదివారం ప్రాక్టీస్ చేయండి

మటన్ షాపులో ఎముకతో ఉన్న తొడ ముక్క ఒకటి తీసుకోండి (వండుకునేది వేరే తీసుకోండి, ఇది పారేయడానికే). కత్తితో మూడంగుళాల లోతు గాటు పెట్టండి. సెలైన్ సెట్ గొట్టం ఒకటి గాటు అడుక్కి దూర్చి, కుంకుమ కలిపిన నీళ్ల సీసాని కొంచెం ఎత్తులో వేలాడదీయండి. ఇప్పుడు మామూలు గాజ్ రోల్‌తో కూరండి, ఖరీదైనది వేస్ట్ చేయకండి. పైపైన నొక్కితే నీళ్లు పక్క నుంచి వస్తూనే ఉంటాయి. గొట్టం కొస మీద సరిగ్గా కూరి ఎముక వైపు అదిమితే ఆగిపోతుంది. ఆ తేడా ఒక్కసారి వేలికి తెలిస్తే జన్మలో మర్చిపోరు. మాంసం ముట్టనివాళ్లు పాత ఫోమ్ దిండుకి గాటు పెట్టి అదే పని చేయొచ్చు, ఎముక బదులు కింద చపాతీ కర్ర పెట్టుకోండి.

కడిగేటప్పుడు ఇంట్లోవాళ్లు తిడతారు. బాత్రూములో చేయండి.

మిగిలిన ప్రశ్నలు

"రొయ్యలు పడవు, కైటోసాన్ వాడొచ్చా?" దాన్ని బాగా శుద్ధి చేసి తయారు చేస్తారు. ప్రాణం పోతుంటే ఆ ఆలోచనతో ఆగకండి, వాడండి, ఆస్పత్రిలో మాత్రం ఎలర్జీ ఉందని చెప్పండి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే కొనేటప్పుడే కేయోలిన్ రకం తీసుకుంటే ఏ గొడవా లేదు.

"పిల్లలకి?" పద్ధతి ఇదే, గాయం చిన్నది కాబట్టి గాజ్ తక్కువ పడుతుంది. నొక్కే బలం ఒంటికి తగ్గట్టు. పిల్లల ఒంట్లో రక్తమే తక్కువ, పెద్దవాళ్లకి కొంచెం అనిపించేది వాళ్లకి చాలా ఎక్కువ, అందుకని ఆలస్యం అస్సలు వద్దు.

"డయాలసిస్ చేయించుకునే మా నాన్నకి చేతి ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) నుంచి రక్తం వస్తే?" కూరకండి. ఒకటి రెండు వేళ్ల కొసలతో సరిగ్గా ఆ రంధ్రం మీదే నొక్కి, చేయి పైకెత్తి, 108కి ఫోన్ చేయండి. పెద్ద తువాలు చుట్టేస్తే రక్తం ఆగదు సరికదా, ఎంత పోతోందో కనిపించదు.

"ప్యాకెట్ ఎక్స్‌పైరీ అయిపోయింది, వేరేది లేదు, మనిషి ముందు పడున్నాడు." మామూలు శుభ్రమైన గుడ్డ ఉంటే అదే కూరి 10 నిమిషాలు నొక్కండి. గుడ్డ కూడా లేకపోతే ఉన్న ప్యాకెట్టే చింపండి.

"కొండకి కాలినడకన వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకుంటాం, రొయ్య పెంకుతో చేసింది అంటున్నారు, మాలలో ఉన్నాం, మైలేమో?" నిజంగా అడిగారు, నవ్వులాట కాదు. కేయోలిన్‌ది పెట్టుకోండి, అది మన్నే.